‘మొండి’ అనే మాటకు ముందు

శ్రోతలకు నమస్కారం.

ఒక ఆదివారం. ఎనిమిదేళ్ల బాబు పొద్దుటి నుంచి కొత్త చొక్కా వేసుకొని కూర్చున్నాడు. వాడికి రైళ్లంటే ప్రాణం. ఏ బండి ఎన్ని గంటలకు వస్తుందో, దానికి ఎన్ని పెట్టెలుంటాయో కంఠతా చెబుతాడు. ఆ రోజు స్టేషన్‌కు తీసుకువెళతానని తండ్రి మాట ఇచ్చాడు. వారం రోజులుగా వాడు అదే ధ్యాసలో ఉన్నాడు. నాలుగు గంటలకు తండ్రి స్కూటర్ తాళాలు చేతిలోకి తీసుకొని, “పదరా, బయలుదేరు” అన్నాడు. అంతే, బాబు ముఖం మారిపోయింది. ముందు కాళ్లు నొప్పి అన్నాడు. తరువాత ఇవాళ రైళ్లు రావన్నాడు. తండ్రి ఇంకోసారి పిలిచేసరికి మంచం కిందికి దూరి కేకలు పెట్టాడు. “గారాబం ఎక్కువై మొండికేస్తున్నాడు” అంది నాయనమ్మ. చీకటి పడ్డాక వాడు తల్లి ఒడిలో తల దాచుకొని ఒక మాట అన్నాడు: “నాకు వెళ్లాలనే ఉందమ్మా. వెళ్లలేకపోయాను.”

నాకు బాగా తెలిసిన ఇల్లు అది. ఆ మాట విన్న నాటి నుంచి ‘మొండి’ అనే పదం నా నోట తేలికగా రావడం లేదు. ఆటిజం అంటే మనుషులతో కలిసే తీరు, లోకాన్ని గ్రహించే తీరు చిన్ననాటి నుంచే వేరుగా ఉండడం. అందులో కొందరిలో కనిపించే ఈ తీరుకు ఏం పేరు పెట్టాలన్న దాని మీద బ్రిటన్‌లో చాలా కాలంగా వాదన నడుస్తోంది. ఆ వాదన మన ఇళ్లలోకి కూడా రావాలని నా కోరిక.

నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. భర్త జాన్ న్యూసన్‌తో కలిసి ఆమె ఆ ఊరిలో సుమారు 700 మంది తల్లులను పలకరించి, పిల్లలను ఎలా పెంచుతున్నారో అడిగి రాసుకున్నారు. నిపుణులు తల్లులకు పాఠాలు చెప్పే రోజుల్లో, తల్లులు చెప్పేది వినడానికి వెళ్లిన మనిషి ఆమె. ఆ తరువాత ఆమె దగ్గరకు కొందరు పిల్లలు వచ్చారు. చూస్తే ఆటిజంలా ఉంది, కానీ పుస్తకాల్లోని వర్ణనకు సరిగ్గా అమరదు. ఈ పిల్లలు మాటకారులు, మనుషుల మీద ఆసక్తి ఉన్నవారు, నటనలో, ఊహల్లో మునిగిపోయేవారు. కానీ పళ్లు తోముకోమన్నా, బూట్లు వేసుకోమన్నా, చాలా మామూలు పని చెప్పినా దాన్ని తప్పించుకోవడానికి సర్వశక్తులూ ఒడ్డుతారు. మాట మారుస్తారు, బేరాలు పెడతారు, కాళ్లు పనిచేయడం లేదంటారు, తాను పిల్లినంటారు, పిల్లికి బట్టలెందుకంటారు. ఏదీ పారకపోతే కుప్పకూలిపోతారు. 1980లలో ఆమె దీనికి ‘పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్’ అని పేరు పెట్టారు, పొడి అక్షరాల్లో పీడీఏ. 2003లో 150 మంది పిల్లల వివరాలతో ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. వారిలో ఆడపిల్లలు, మగపిల్లలు దాదాపు సమానంగా ఉన్నారు. అప్పటికి ఆటిజం అంటే ఎక్కువగా మగపిల్లలదే అన్న నమ్మకం ఉండేది.

ఇక ఆ పేరు సంగతి. అందులోని మూడు మాటలనూ తెలుగు చెవితో వినండి.

మొదటిది పాథలాజికల్, అంటే రోగలక్షణమైనది. పిల్లవాడి స్వభావం మీదే రోగమని ముద్ర వేసినట్టుంది. రెండోది డిమాండ్. మనకు డిమాండ్ అంటే కార్మిక సంఘాలు యాజమాన్యం ముందు పెట్టేది, లేదా పండగ ముందు పూలకు పెరిగేది. తల్లి బిడ్డతో అనే “అన్నం తిను” మనకు డిమాండ్ కాదు. తెలుగులో దానికి చక్కని మాట ఉంది, పురమాయింపు. మూడోది అవాయిడెన్స్. దీన్ని అనువదించమంటే మన పత్రికల అలవాటు కొద్దీ ఎగవేత అంటాం. బాకీ ఎగవేసేవాడు, పన్ను ఎగవేసేవాడు, వాళ్ల వరసలో ఈ ఎనిమిదేళ్ల బాబు! పేరు మొత్తం పురమాయించే పెద్దల వైపు నుంచి చూసి పెట్టింది. మేము చెప్పాం, వాడు చేయలేదు, అంతవరకే అందులో ఉంది. ఆ క్షణంలో వాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో అందులో లేదు.

అయితే న్యూసన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పాథలాజికల్ అనే కటువైన మాట ఎంతోమంది తల్లులకు అండగా నిలిచింది. ఇది పెంపకం లోపం కాదు, మామూలు పిల్లల పేచీ కాదు అని ఒక నిపుణురాలు గట్టిగా చెబితేనే బడిలోని ఉపాధ్యాయులు, ఇంట్లోని పెద్దలు వింటారు. ఆ మాట తీసేస్తే మళ్లీ “రెండు దెబ్బలు వేస్తే అన్నీ కుదురుకుంటాయి” అనేవాళ్లు బయలుదేరతారేమోనని ఆ తల్లుల భయం. నేను ఆ భయాన్ని కొట్టిపారేయను.

పేరు మార్చాలన్నవారు రకరకాలుగా చెప్పారు. పాథలాజికల్ బదులు ‘తీవ్రమైన’ అంటే చాలునన్నారు కొందరు పరిశోధకులు. ఆటిజం ఉన్న కొందరు పెద్దలు, చుట్టూ ఉన్న లోకం భరించరానిదిగా ఉన్నప్పుడు తప్పించుకోవడం సహేతుకమే కదా, పేరులోనూ అదే ఉండాలన్నారు. ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు మరొకటి. పీడీఏ అనే మూడు అక్షరాలనూ అలాగే ఉంచి, వాటి అర్థం మార్చారు: ‘పర్వేసివ్ డ్రైవ్ ఫర్ ఆటానమీ’. తన పగ్గాలు తన చేతిలోనే ఉండాలని నరనరానా ఉండే తపన అని దాని భావం. ఈ తీరు ఉన్న పెద్దలు చాలామంది దీన్ని ఇష్టంగా చెప్పుకుంటున్నారు. పరాయివాళ్లు పెట్టిన పేరు తీసేసి తమకు తాము పేరు పెట్టుకోవడంలోని గౌరవం నాకు అర్థమవుతుంది.

కానీ నాకు ఆ బాబు గుర్తొస్తాడు. స్టేషన్‌కు వెళ్లాలన్నది వాడి సొంత కోరిక. దానికే వాడు లొంగలేకపోయాడు. ఈ పిల్లల్లో కొందరికి ఆకలి కూడా ఒక ఆజ్ఞలాగే తోస్తుంది, మూత్రానికి వెళ్లాలన్న ఒంటి పిలుపు కూడా. “భలే బొమ్మ వేశావు” అని మెచ్చుకుంటే, రేపు కూడా అలాగే వేయాలన్న బరువు మీద పడి ఆ బొమ్మను చింపేసే పిల్లలున్నారు. దీన్ని స్వేచ్ఛాకాంక్ష అంటే సగమే చెప్పినట్టు. స్వేచ్ఛగా చేయాలనుకున్నదీ చేయలేకపోవడమే ఇక్కడి బాధ.

మన భాషలో ‘చేయను’ అన్న మాట ఉంది, ‘చేయలేను’ అన్న మాట ఉంది. తేడా ఒక్క ‘లే’. ఆ బాబు ‘వెళ్లను’ అనలేదు, ‘వెళ్లలేకపోయాను’ అన్నాడు. వాడి రోగనిర్ణయం వాడే చేసుకున్నాడు. మేలైన పేరు ఏదైనా సరే, ఆ ‘లే’ అందులో ఉండాలి.

నాకు తోచిన తెలుగు మాట చెబుతాను. పురమాయింపు బెదురు. బెదురు అంటే పిరికితనం కాదు. చెయ్యి వేయగానే లేగదూడ ఒళ్లు ఎలా జలదరిస్తుందో చూసినవాళ్లకు తెలుసు. అది ఆలోచించి చేసే పని కాదు, ఒంట్లోంచి వచ్చేది. డాక్టర్లు కాగితం మీద పీడీఏ అనే రాయనివ్వండి. ఇంట్లో నాయనమ్మకు చెప్పడానికి మాత్రం ఆమెకు తెలిసిన మాట కావాలి.

పేర్లు మారడం వింతేమీ కాదు. వియన్నా వైద్యుడు హన్స్ ఆస్పెర్గర్ పేరు మీద ఆటిజంలో ఒక తీరు దశాబ్దాల పాటు చలామణి అయింది. 2013లో అమెరికా మనోవైద్యులు రోగనిర్ణయానికి వాడే సూచిక దాన్ని విడి పేరుగా ఉంచకుండా ఆటిజంలో కలిపేసింది. పిల్లలను చంపిన నాజీల కాలపు ఆసుపత్రికి ఆయన కొందరు పిల్లలను పంపినట్టు 2018లో వెలుగుచూశాక, ఆ పేరును తామే వదులుకున్నవారు ఎందరో. మన సికింద్రాబాద్‌లో 1984లో మానసిక వికలాంగుల పేరుతో మొదలైన జాతీయ సంస్థ నేడు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థగా ఉంది.

పీడీఏకు మాత్రం ఇంతవరకు అంతర్జాతీయ వైద్య సూచికల్లో విడిగా చోటు లేదు. ఇవి లక్షణాలే తప్ప ప్రత్యేకమైన రుగ్మత కాదని 2018లోనే కొందరు బ్రిటన్ వైద్యులు రాశారు. మన దేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఈ తీరు పేరు లేదు. ఆ చర్చ తేలే వరకు తల్లిదండ్రులు ఆగలేరు. ఎందుకంటే ఆటిజం ఉన్న పిల్లలకు సాధారణంగా మేలు చేసే దినచర్య పట్టికలు, పని చేస్తే ఇచ్చే నక్షత్రాలు, బహుమతులు ఈ పిల్లల దగ్గర తరచూ ఎదురు తిరుగుతాయి. పట్టికలోని ప్రతి గడీ వాళ్లకు మరో పురమాయింపే. మొండితనం అనుకుంటే పట్టు బిగిస్తాం, బెదురు అనుకుంటే పట్టు వదులుతాం. ఒకే పిల్లవాడు, ఒకే సాయంత్రం, మనం మనసులో అనుకున్న పేరును బట్టి ఇంట్లో జరిగేది మారిపోతుంది.

మన ఇళ్లలో పిల్లలతో మాట్లాడే మాటలు ఒకసారి వినండి. రా, కూర్చో, తిను, తియ్, పెట్టు, లే. ఒక్కో మాటలో ఒక్కో ఆజ్ఞ. అదే భాషలో వేరే దారి కూడా ఉంది. “చెప్పులు వేసుకో” అనే బదులు “నేల కాలుతోంది, చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి” అనవచ్చు. “అన్నం తిను” అనే బదులు “పప్పు వేడిగా ఉంది” అని కంచం పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. ఇది పిల్లవాడిని మోసగించడం కాదు. నిర్ణయం వాడి చేతికి ఇవ్వడం. ప్రతిసారీ ఫలిస్తుందని చెప్పను. భద్రతకు సంబంధించిన చోట ఆజ్ఞ తప్పదు. అందుకే మిగతా చోట్ల తగ్గించుకోవాలి.

ఆ తండ్రి నెల రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి ముందుగా మాట ఇవ్వలేదు, ఎవరినీ పిలవలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చొని తన బూట్లు తాను తొడుక్కుంటూ, ఎవరితోనో అన్నట్టు, “నాలుగున్నరకు గూడ్సు బండి ఒకటి పోతుంది” అన్నాడు. చాలాసేపు లోపలి నుంచి చప్పుడు లేదు. తరువాత బాబు గుమ్మం దాకా వచ్చి నిలబడి, “నాలుగున్నరకు కాదు నాన్నా, నాలుగూ నలభైకి. యాభై ఎనిమిది పెట్టెలు” అన్నాడు. వాడి కాళ్లకు చెప్పులున్నాయి.

నమస్కారం.