గాఢమైన బీరు పులియడం సగంలో ఎందుకు ఆగిపోతుంది?

నమస్కారం. తిరుపతి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన మన ప్రేక్షకులు కొందరు, అక్కడ ఇంట్లో కాచుకునే గాఢమైన బీరు పులియడం సగంలోనే ఆగిపోయి తియ్యగా మిగిలిపోతోందని, కారణం వివరించమని అడిగారు. సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారు చేసుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం 1978లో అనుమతించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం కనుక, ఇక్కడున్నవారు దీన్ని సూక్ష్మజీవశాస్త్ర పాఠంగానే వినాలని మనవి.

ముందు బీరుగా పులిసే రసం ఎంత తియ్యనిదో చూద్దాం. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసినవారికి బ్రిక్స్, అంటే బరువులో చక్కెర శాతం చెప్పే కొలత, కొత్త కాదు; తోతాపురి గుజ్జు సాధారణంగా 14 బ్రిక్స్ దగ్గర ఉంటుంది. బీరు తయారీలో వాడే ప్లేటో డిగ్రీ కూడా దాదాపు అదే కొలత. నీటితో పోల్చి సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.090 చూపించే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం, అంటే వర్ట్, సుమారు 21.5 ప్లేటో ఉంటుంది. అంత చిక్కటి చక్కెర, పులియబెట్టే సూక్ష్మజీవి అయిన ఈస్ట్ కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. దాన్ని తట్టుకున్న కణాలు ఆ తర్వాత తాము తయారు చేసిన ఆల్కహాలునే తట్టుకోవలసి వస్తుంది.

అందుకే కణాల సంఖ్య ముఖ్యం. మామూలు ఏల్ రకం (కాస్త వెచ్చగా పులియబెట్టే) బీరుకు మిల్లీలీటరుకు, ఒక్కో ప్లేటో డిగ్రీకి 7.5 లక్షల కణాలు చాలు. గాఢమైనదానికి కనీసం 10 లక్షలు వేయాలి. ఆ లెక్కన పైన చెప్పిన 21.5 ప్లేటో వర్ట్ 20 లీటర్లకు దాదాపు 43,000 కోట్ల కణాలు కావాలి. ద్రవరూపంలో దొరికే ఒక ఈస్ట్ ప్యాకెట్లో తాజాగా ఉన్నప్పుడు సుమారు 10,000 కోట్లే ఉంటాయి. మిగిలినవాటిని స్టార్టర్‌లో, అంటే ముందుగా కొద్దిపాటి పలుచని వర్ట్‌లో, పెంచుకోవచ్చు. నన్నడిగితే, అప్పుడే పులిసి ముగిసిన తేలికపాటి బీరు అడుగున పేరుకున్న ఈస్ట్‌ను వాడడమే అంతకన్నా మేలు.

ఇక ఆక్సిజన్ సంగతి. ఈస్ట్ శ్వాసించడానికే ఆక్సిజన్ ఇస్తున్నామని చాలామంది అనుకుంటారు, కానీ ఇంత చక్కెర ఉన్నచోట ఆక్సిజన్ అందినా ఈస్ట్ ప్రధానంగా పులియబెట్టే పనే చేస్తుంది. దీన్నే క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. అసలు అవసరం కణపు పొర కోసం. ఆ పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను, అసంతృప్త కొవ్వు ఆమ్లాలను ఆక్సిజన్ లేకుండా ఈస్ట్ తయారు చేసుకోలేదని ఆండ్రియాసెన్, స్టయర్ అనే శాస్త్రవేత్తలు 1953, 1954లలో చూపారు. కణం విభజన చెందిన ప్రతిసారీ ఉన్న నిల్వను తల్లీబిడ్డలు పంచుకోవాలి కనుక, మొదట్లో ఆక్సిజన్ చాలకపోతే కొన్ని తరాలకే పొర బలహీనపడి, ఆల్కహాలు పెరిగే చివరి దశలో కణాలు పని మానేస్తాయి. ఆగడం రెండో వారంలో కనిపించినా, లోపం జరిగింది మొదటి రోజునే.

గాలితో ఎంత గిలకొట్టినా వర్ట్‌లో కరిగే ఆక్సిజన్ 8 పీపీఎం (పది లక్షల భాగాల్లో 8 భాగాలు) దగ్గరే ఆగుతుంది. రసం చిక్కబడినా, వేడెక్కినా ఇంకా తగ్గుతుంది. మన తిరుపతి మే నెల ఎండల్లాంటి వాతావరణంలో ఉన్నవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కాబట్టి వర్ట్‌ను 18 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చి, సిలిండర్ నుంచి స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను సన్నని బుడగలుగా వదిలే రంధ్రాల స్టీలు ముక్క (దీన్ని ‘రాయి’ అంటారు) ద్వారా పంపి, 10 నుంచి 12 పీపీఎం వరకు తేవాలి. మరీ గాఢమైనదైతే ఈస్ట్ వేసిన 12 నుంచి 18 గంటల మధ్య రెండోసారి కొద్దిగా ఇవ్వవచ్చు. ఆ తర్వాత ఇస్తే రుచి పాడవుతుంది. పొడి ఈస్ట్‌ను మాత్రం ఫ్యాక్టరీలోనే గాలి బాగా ఆడేలా పెంచి, స్టెరాల్ నిల్వలతో ఎండబెడతారు కనుక, మొదటిసారి వాడేటప్పుడు దానికి ఆక్సిజన్ అవసరం చాలా తక్కువ.

ఇప్పటికే ఆగిపోయిన బీరులోకి ఆక్సిజన్ ఎక్కించకండి. కొత్త ఈస్ట్‌తో చిన్న స్టార్టర్ పెట్టి, అది జోరుగా నురగ కడుతున్న సమయంలోనే మొత్తంగా అందులో కలిపి, ఉష్ణోగ్రతను రెండు మూడు డిగ్రీలు పెంచి, హైడ్రోమీటరుతో గమనిస్తూ ఉండండి.