పాత జీపులో పాత రిపేర్లు

ఆటోమొబైల్ విభాగం విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం.

నేను మెకానిక్‌ను కాను. ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తింగ్ సరిగా లేకపోతే సిబ్బందిని కేకలేసినవాణ్ణి. అంతటివాణ్ణి, నా సొంత జీపులో ఎర్త్ పట్టీ లేదని తెలుసుకోవడానికి ఆరు వారాలు తీసుకున్నాను. ఆ ఆరు వారాల సంగతి చెప్పమనే మీ ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. ఇందులో వెక్కిరింత కొంచెం ఉందని నాకు తెలుసు.

కొన్నది డీజిల్‌తో నడిచే పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. వయసు ఇరవై దాటింది, నాకంటే ముందు నలుగురి చేతులు మారింది. నేను చూడడానికి వెళ్లేసరికి ఇంజను అప్పటికే నడుస్తోంది. "మీరు వస్తారని బయటికి తీసి ఉంచాను సార్" అన్నాడు అమ్మేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. మీరు అలా అనుకోకండి. బానెట్ మీద చెయ్యి వేసి వేడిగా ఉంటే, సాయంత్రం వస్తామని చెప్పి వెళ్లిపోండి. డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎంతసేపటికి అందుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతోందన్నమాట. నలుపైతే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువవుతోంది. తెలుపు కాసేపట్లో తగ్గిపోతే భయం లేదు, వేడెక్కాక కూడా అలాగే వస్తుంటే రేడియేటర్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఆలోచించాలి.

ఇంటికి తెచ్చిన వారానికే రెండు జబ్బులు బయటపడ్డాయి. పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతూ తిరిగేది. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయేది. మొదటిది కరెంటుది, రెండోది ఇనుముది కనుక దేని దారి దానిదే అనుకున్నాను. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమంటే మార్చాను. ఇంకొకరు సెల్ఫ్ విప్పి కార్బన్ బ్రష్షులు, బుష్షులు వేశారు. కేబుల్ రెండుసార్లు కొత్తది వేయించాను. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే.

ఒక ఉదయం బానెట్ ఎత్తి ఆ కేబుల్‌నే కదిపి చూస్తున్నాను. మా అబ్బాయి లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఒక్కసారిగా వేళ్లకు వేడి తగిలింది. కేబుల్ ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి ఉంది, కాలిన వాసన వస్తోంది. అక్కడే నిలబడి నవ్వుకున్నాను. మా అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు.

డీజిల్ జీపులో సెల్ఫ్ తిరిగేటప్పుడు రెండు మూడు వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. అదంతా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి. నా బండిలో నెగటివ్ తీగ ఛాసిస్‌కు బిగించి ఉంది. ఇంజను మాత్రం రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, దానికీ ఛాసిస్‌కూ మధ్య రాగి జడ లాంటి ఎర్త్ పట్టీ ఒకటి ఉండాలి. అది లేదు. దారి లేని కరెంటు తానే దారి వెతుక్కుంది. సన్నటి యాక్సిలరేటర్ కేబుల్‌లో దూరి దాన్ని కాల్చింది. దొరికితే క్లచ్ కేబుల్లోంచి, ఇంజను శక్తిని యాక్సిల్‌కు మోసే పొడవాటి గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని బేరింగుల్లోంచి కూడా పోతుంది.

దీన్ని తేల్చడానికి మీటరుతో ఒక్క నిమిషం పని. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజను మీద రంగు లేని చోట ఆనించండి. ఇంజను అందుకోకుండా, డీజిల్ ఆపే స్టాప్ పిడి లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. నాకు మూడు వోల్టులు దాటింది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని నెగటివ్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించాను. సెల్ఫ్ కొత్తదానిలా తిరిగింది. బ్యాటరీకి, సెల్ఫ్‌కు, రెండు కేబుళ్లకు పోసిన డబ్బు పక్కన పెడితే ఆ పట్టీ ఖర్చు ఖర్చే కాదు.

మరి ఆ పట్టీ ఏమైంది? దానికి జవాబు దొరికింది ఇంకో జబ్బులో. నలభై కిలోమీటర్ల వేగం దాటగానే బండి అడుగు నుంచి వణుకు వచ్చేది. చక్రాలు బ్యాలెన్స్ చేయించాను, తగ్గలేదు. కిందికి దూరి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్ల ఫోర్కులు ఒక వరసలో లేవు. షాఫ్ట్ చివర ఫోర్కులను కలిపే కీలు, అంటే క్రాస్ జాయింటు, వంకరగా తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను రెండో చివర ఉన్న జాయింటు సరిచేయాలంటే ఫోర్కులు రెండూ ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే పళ్ల గాడి, అంటే స్ప్లైన్, ఒక పన్ను తప్పి దూర్చినా లెక్క తప్పుతుంది. పాత యజమాని క్లచ్ ప్లేట్ వేయించాడు. గేర్‌బాక్స్ దించినవారు షాఫ్ట్‌ను గుర్తు పెట్టకుండా ఊడదీశారు. ఎర్త్ పట్టీ బోల్టు విప్పి, పట్టీని మళ్లీ వేయడం మరిచారు. రెండు జబ్బులకూ పుట్టిల్లు ఒకే షెడ్డు, ఒకే మధ్యాహ్నం.

అప్పటి నుంచి నేను బండి జబ్బు వెతకడం మానేసి, ఎవరు ఎప్పుడు ఏం విప్పారో వెతకడం మొదలుపెట్టాను. మెరుస్తున్న బోల్టు, కొత్త టేపు చుట్టిన వైరు, ఒక్క చోట మాత్రమే లేని బురద, వీటి దగ్గర ఆగండి.

రంగు దగ్గర కూడా ఆగండి. అమ్మడానికి ముందు నా జీపు అడుగంతా నల్ల రంగు కొట్టారు. చూడముచ్చటగా ఉంది. వెనక యాక్సిల్ హౌసింగ్ మీద గాలి ఆడడానికి ఉండే చిన్న రంధ్రం, అంటే బ్రీదర్, కూడా ఆ రంగుతో మూసుకుపోయింది. హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలికి బయటకు దారి లేక ఆయిల్‌ను సీళ్ల గుండా తోసింది. నేను సీళ్లు రెండుసార్లు మార్చాను. మారేడుమిల్లి దగ్గర ఒక వాగు దాటాక వ్యవహారం ఎదురు తిరిగింది. వేడి హౌసింగ్ చన్నీళ్లలో చల్లారి, అవే సీళ్ల గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంది. ఆయిల్ విప్పితే పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. కొన్న రోజే హౌసింగులు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్లు తీసి ఒక తెల్ల గిన్నెలో చూసి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే నెగటివ్ తీసి, మధ్యలో మీటరును ఆంపియర్లలో పెట్టి, ఏది లాగితే అంకె పడిపోతుందో చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటిగా లాగాలి. మీటరు తగిలించి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి. నేను కొట్టి మీటరు ఫ్యూజు పోగొట్టుకున్నాను. నా బండిలో ఫ్యూజులన్నీ తీసేసినా 400 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి. ఎవరో స్టీరియోను నేరుగా బ్యాటరీకి కలిపారు. ఆ లెక్కన 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆరు రోజుల్లో పూర్తిగా ఖాళీ. చలికాలం పొద్దున సెల్ఫ్ అంతకంటే చాలా ముందే చేతులెత్తేస్తుంది.

విజయవాడలో 2024 సెప్టెంబరు వరదల్లో ఎన్నో బండ్లు మునిగాయి కనుక ఇంకో మాట. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, బురద చార అక్కడ దాక్కుంటుంది. ఎర్త్ పాయింటు దగ్గర వైరు తొడుగు కాస్త వెనక్కి జరపండి. లోపల రాగి ఆకుపచ్చగా తిరిగి ఉంటే ఆ బండిని వదిలేయండి.

జీపును వర్క్‌షాప్ ముందు నిలిపాను. ఎడమకు పూర్తిగా తిప్పి కదిలిస్తే ముందు చక్రం దగ్గర టక్ టక్‌మని శబ్దం వస్తోంది, ఫోర్ వీల్‌లో వేసినప్పుడు మాత్రమే. నిన్న రాత్రే మొదలైంది, నేనింకా కిందికి దూరలేదు. టార్చి ఉన్నవాళ్లు రండి.