ఈ వారం పని, అది ఆగిన చోటు

సభకు నమస్కారం.

సాంకేతిక విషయాల మీద మక్కువ ఉన్నవాళ్లు వారానికో, రెండు వారాలకో ఒకచోట చేరి, తీరిక వేళల్లో సొంతంగా చేసుకుంటున్న పనుల గురించీ, రాబోయే రోజుల్లో చేయదలచిన వాటి గురించీ చెప్పుకునే అలవాటును నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను. అయితే ఆ కాస్త సమయంలో ఏం చెప్పుకోవాలన్న దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పెద్ద సంకల్పాన్ని ప్రకటించడం వల్ల చెప్పినవారికీ విన్నవారికీ ఒరిగేది తక్కువ. ఈ వారం చేతిలో ఉన్న పని ఏమిటో, అది సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో చెబితే మాత్రం ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరి తెలివీ ఆ పనికి అక్కరకొస్తుంది.

దీనికి నేను చూపగలిగిన బలమైన ఉదాహరణ, అమెరికాలో సొంతంగా కంప్యూటర్లు కట్టుకునే ఔత్సాహికుల హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. 1975 జనవరిలో ఒక అమెరికన్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కిట్ కనిపించింది. విడిభాగాలు తెప్పించుకుని, ఇంట్లో సోల్డరింగ్ చేసుకుని నిలబెట్టుకోవలసిన ఆ యంత్రానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద వరుసగా స్విచ్చులూ చిన్న దీపాలూ మాత్రమే ఉండేవి. ఇటువంటి వాటితో కుస్తీ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి కలవమని ఫ్రెడ్ మూర్, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు పిలుపునిచ్చారు. ఆ ఏడాది మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో 32 మంది చేరారు. వారిలో ఆరుగురు అప్పటికే ఏదో ఒక రూపంలో సొంత కంప్యూటర్ కట్టుకున్నవాళ్లు. ఆనాటి ముచ్చట్లను మూర్ పది రోజులకే చిన్న వార్తాలేఖగా అచ్చువేసి పంచారు. ఈ పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో ఆ క్లబ్బు నిలబడడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తర్వాత సమావేశాలు స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలోని సభామందిరానికి మారాయి. వాటిని నడిపిన లీ ఫెల్సెన్‌స్టైన్ ఒక పద్ధతి పెట్టారు. మొదటి భాగం పేరు మ్యాపింగ్. అందులో ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, ఏం కావాలో, ఏం విన్నారో క్లుప్తంగా చెప్పి కూర్చునేవారు. ఆ తర్వాతి భాగం పేరు ర్యాండమ్ యాక్సెస్. ఇందాక విన్న మాటల్లో ఎవరిది తమకు పనికొస్తుందో గుర్తుపెట్టుకున్నవాళ్లు అప్పుడు నేరుగా వారి దగ్గరికి వెళ్లి మాట్లాడుకునేవారు. మొదటి భాగం బిగువుగా ఉండడం వల్లనే రెండో భాగానికి అంత స్వేచ్ఛ దొరికింది. మన సమావేశాలు తరచుగా దీనికి తలకిందులుగా నడుస్తాయి: ఒకరు గంటసేపు స్లైడ్లు చూపిస్తారు, మిగిలినవారు మర్యాదగా విని, వెళ్లేముందు ఫోన్ నంబర్లు తీసుకుని విడిపోతారు.

ఆ మందిరంలో చేయెత్తి మాట్లాడడానికి సిగ్గుపడిన ఒక యువ ఇంజనీరు, తర్వాత ఆపిల్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్. పగలు హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కాలిక్యులేటర్ల పని, రాత్రి సొంత బోర్డు పని. మొదటి సమావేశంలో చేతికొచ్చిన ఒక మైక్రోప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్పు) వివరాల పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివాకే, సొంతంగా కంప్యూటర్ కట్టగలనన్న నమ్మకం ఆయనకు కలిగింది. అప్పటి నుంచి జరిగిన పనిని జరిగినంత వరకు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. చుట్టూ మూగినవాళ్లకు సర్క్యూట్ నకళ్లు ఊరికే ఇచ్చేవారు. ఆపిల్ 1 ఆ బల్ల మీద చూపించుకోవడానికి తయారైన యంత్రమని ఆయనే తర్వాత రాశారు. రెండు వారాలకొకసారి చూపించవలసిన గడువు ఉండడం, చూసేవాళ్లకు విషయం తెలిసి ఉండడం, ఈ రెండూ కలిసి ఆ పనిని ముందుకు నడిపించాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. వ్యవసాయ బోరు మోటారుకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ తయారుచేస్తున్న ఒక విద్యార్థి లేచి, "నేను రైతుల కోసం ఐఓటీ ప్రాజెక్టు చేస్తున్నానండీ" అంటే అందరం చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లతో మోటారు నడవదు. అదే విద్యార్థి, "మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తనంతట తాను ఆగాలి, ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న బోర్డుకు కరెంట్ సెన్సర్ తగిలించాను, వైఫై ఆపితే రీడింగ్ వస్తోంది, పెడితే రావడం లేదు" అన్నాడనుకోండి. వెనక వరుసలో ఎవరో ఒకరు, "బాబూ, సెన్సర్ తీగ ఏ పిన్నుకు పెట్టావు? సెన్సర్ రీడింగు తీసుకునే పిన్నుల్లో ఏడీసీ2 అనే గుంపు వైఫై నడుస్తున్నప్పుడు పనికిరాదు, 32 నుంచి 39 దాకా ఉన్న ఏడీసీ1 పిన్నుల్లోకి మార్చు" అంటారు. వారం రోజుల తల బద్దలుకొట్టుకోవడం ఒక్క నిమిషంలో తీరిపోతుంది.

సంకల్పాన్ని చాటడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా ఆలోచించారు. 2009లో పీటర్ గోల్‌విట్జర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, ఫలానా వాళ్లం కావాలన్న ఉద్దేశాన్ని మరొకరి దృష్టికి తెచ్చినవారు, ఆ ఉద్దేశం ఎవరి కంటా పడనివారికన్నా దానికోసం తక్కువ శ్రమించారని తేలింది. ఎదుటివారు గుర్తించగానే, అప్పటికే ఆ మనిషి అయిపోయినట్టు అనిపించడమే దానికి వారు చెప్పిన కారణం. కాబట్టి "ఈ ఏడాది మెషిన్ లెర్నింగ్ ఇంజనీరునవుతాను" అన్న మాట మనసులోనే ఉండనివ్వండి. "ఈ వారం రెండు వందల తెలుగు వాక్యాలకు లేబుళ్లు పెడతాను" అన్నది సభలో చెప్పండి. వచ్చే వారం ఎవరైనా అడిగితే అవుననో కాదనో జవాబు ఉండే మాట అది.

తెలుగును కంప్యూటర్‌లోకి తెచ్చిన శ్రమలో సొంత ప్రాజెక్టుల వాటా ఎంతో మనలో చాలామంది ఆలోచించరు. తెలుగును రోమన్ అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువారి చేతుల్లో పుట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునగారే లిపి మార్పిడికి పద్మ అనే సాధనాన్ని రాశారు. ఆ పద్మను ఆధారం చేసుకుని వీవెన్‌గారు, రోమన్ అక్షరాల్లో టైపు చేస్తే తెలుగులో చూపే లేఖినిని నిర్మించారు. లేఖినిలో టైపు చేసి తొలిసారి తెరమీద తెలుగు చూసుకున్నవాళ్లు ఈ సభలో ఎంతోమంది ఉంటారని నాకు తెలుసు. ఒకరు తాము చేసిన దానిని ఇతరులకు అందేలా ఉంచడం వల్లనే రెండోవారు మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం తప్పింది.

ఇవన్నీ చెప్పాక హద్దుల మాట కూడా చెప్పాలి. పంచుకునే హక్కు చేసినవారిది. బిల్ గేట్స్ సంస్థ ఆల్టెయిర్ కోసం రాసిన ఆల్టెయిర్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష టేపుల నకళ్లు హోమ్‌బ్రూ సభ్యుల మధ్య డబ్బు చెల్లించకుండా చేతులు మారినప్పుడు 1976 ఫిబ్రవరిలో ఆయన బహిరంగ లేఖ రాసి నిలదీశారు. ఆ లేఖలోని కటువు నచ్చనివాళ్లు కూడా, ప్రతిఫలం లేకుండా వృత్తిపరమైన పని ఎవరు చేయగలరన్న అందులోని ప్రశ్నను కాదనలేరు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ నియామక ఒప్పందాన్ని ఒకసారి శ్రద్ధగా చదువుకోవాలి. సొంత సమయంలో చేసిన పని మీద కూడా సంస్థకు హక్కు రాసిచ్చే షరతులు కొన్ని ఒప్పందాల్లో ఉంటాయి. వోజ్నియాక్ తన యంత్రాన్ని ముందుగా తాను పనిచేస్తున్న హ్యూలెట్ ప్యాకార్డ్‌కే చూపి, వారు వద్దన్నాకే బయట అమ్మకానికి పెట్టారు.

వచ్చే సమావేశం నుంచి మనం ఇలా నడుపుకుందామని నా ప్రతిపాదన. మొదటి అరగంట ఒక్కొక్కరికీ నిమిషం: ఏం చేస్తున్నాను, ఎక్కడ ఆగాను, నా దగ్గర ఎవరికైనా పనికొచ్చేది ఏముంది. ఒకరు వాటిని రాసి, మరుసటి రోజే అందరికీ పంపాలి. మిగిలిన సమయమంతా కుర్చీలు పక్కకు జరిపి, బల్లల మీద బోర్డులూ ల్యాప్‌టాప్‌లూ పెట్టుకుని మాట్లాడుకోవడానికి వదిలేయాలి. ఇంట్లో పెళ్లో, ఆఫీసులో రాత్రి డ్యూటీయో వచ్చి ఈ వారం ఏమీ చేయలేకపోయినవారు తప్పకుండా రావాలి, ఆ మాటే చెప్పి కూర్చోవాలి. వెనక వరుసలో నుంచి పిన్ను నంబరు చెప్పే మనిషి వారే కావచ్చు. రాసే బాధ్యత మొదటి నెల నేను తీసుకుంటాను.