పడవ అడుగు రంగు, పీత ఒంటి శక్తి

వ్యాఖ్యాత: నమస్కారం. సముద్రానికి దూరంగా, హైదరాబాద్ స్టూడియోలో పడవల రంగు గురించి చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రాంనగర్ చేపల మార్కెట్‌లో మనం బేరమాడే పీత ఎలాంటి నీటిలో పెరిగిందన్నది మనకూ పట్టవలసిన విషయమే. మేడమ్, ఈ రంగులో విషం ఎందుకు కలుపుతారు?

జీవశాస్త్ర ఆచార్యురాలు: పడవ అడుగున నాచు, గుల్లలు పేరుకుంటే నీటి ఒరిపిడి పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. అవి అంటకుండా, విషం కొద్దికొద్దిగా నీటిలోకి ఊరే రంగు పూస్తారు. ఒకప్పుడు విరివిగా వాడిన ట్రైబ్యూటైల్‌టిన్ అనే తగరపు రసాయనం ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల సాగును దెబ్బతీయగా, 1982లో ఆ దేశం చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. ఓడల రంగుల్లో దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమలులోకి వచ్చింది. ఇప్పుడు ప్రధానంగా వాడుతున్నది రాగి.

బోటు యజమాని: పీత రక్తంలోనే రాగి ఉంటుందంటారు కదండీ, మరి దానికి రాగితో హాని ఏమిటి?

ఆచార్యురాలు: ఉంటుందండీ. ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్‌లో రాగి ఉండబట్టే ఆ రక్తానికి నీలి ఛాయ వస్తుంది. కానీ అవసరానికి మించిన రాగి మొప్పల్లో చేరితే, లవణాలను లోపలికి తోడే సోడియం-పొటాషియం ఏటీపేజ్ అనే ఎంజైము మందగిస్తుంది. కోరంగి మడ అడవుల వంటి చోట వానాకాలంలో నదీజలం కలిసి ఉప్పదనం పడిపోతుంది, సరిగ్గా అప్పుడే పీతకు ఆ తోడే పని అత్యవసరం. మొప్పల కణజాలం దెబ్బతింటే ఆక్సిజన్ అందడమూ తగ్గుతుంది. లోపలికి చేరిన లోహాన్ని మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌తో బంధించడానికి, దెబ్బతిన్న కణాలను బాగుచేసుకోవడానికి పీత తన శక్తిని వెచ్చించాలి. తిన్న తిండి ఈ మరమ్మతులకే పోతుంటే పెంకు విడిచి పెరగడానికి, గుడ్లు పెట్టడానికి మిగిలేది తక్కువ. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే: ఎన్ని పీతలు చచ్చాయని మాత్రమే లెక్కపెడితే ఈ నష్టం మన కంటికి ఆనదు.

వ్యాఖ్యాత: అయితే రంగు మానేయడమే దారా?

యజమాని: మానేస్తే డీజిల్ ఖర్చు భరించలేమండీ. అసలు చెడంతా పాత రంగు గోకేటప్పుడే జరుగుతోంది. ఆ పొడి ఒడ్డునే రాలి, వానకు కాలువలోకి కొట్టుకుపోతుంది.

ఆచార్యురాలు: నిజమే. ఆ పెచ్చులు బురదలో చేరితే, అక్కడే మేసే పీత నోటికి నేరుగా అందుతాయి. విషం లేని సిలికోన్ పూతలు ఉన్నా, ఎక్కువకాలం కట్టేసి ఉంచే నెమ్మది పడవలకు అవి అంతగా పనిచేయవు. కాబట్టి ముందుగా గోకే చోట కింద టార్పాలిన్ పరచి, రాలిన పొడినంతా సంచికెత్తాలి.

యజమాని: పరుస్తాం మేడమ్, అదేమీ పెద్ద పని కాదు. కానీ ఆ సంచిని ఎవరికి అప్పగించాలో కూడా చెప్పాలి. తీసుకునేవాళ్లు లేకపోతే అది మళ్లీ ఆ ఒడ్డునే పడుతుంది.