వీల్‌చైర్ సామాను కాదు

శ్రోతలందరికీ నమస్కారం.

నాకు చాలాకాలంగా తెలిసిన మిత్రుడొకాయన ఉన్నారు. వెన్నెముకకు దెబ్బ తగిలి నడక పోయింది. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ వచ్చాక తన పనులన్నీ తనే చేసుకుంటున్నారు. ఆఫీసుకు వెళ్తారు, సభల్లో మాట్లాడతారు, పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తారు. అలాంటి మనిషికి విమానం టికెట్ బుక్ చేయగానే టెన్షన్ మొదలవుతుంది. ఎగరడమంటే భయమేమీ లేదు. దిగేసరికి తన కుర్చీ ఏ స్థితిలో చేతికొస్తుందో అన్నదే ఆయన దిగులు.

ఒకసారి ఆ ప్రయాణంలో నేనూ వెంట ఉన్నాను. ముందు రోజు రాత్రి ఆయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. కుర్చీని ఎక్కడ పట్టుకుని ఎత్తాలి, ఎక్కడ పట్టుకోకూడదు, చేత్తో నెట్టాలంటే ఏ మీట తిప్పాలి, పక్కకు పడుకోబెడితే ఏమవుతుంది, అన్నీ. పక్కన కుర్చీ ఫొటో అంటించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వీపు ఆన్చుకునే చోట వెనకవైపు కట్టారు. నన్నడిగితే అది ఆయన చేయాల్సిన పని కాదు. టికెట్ అమ్మినవాళ్లే ఆ వివరాలు అడిగి తెలుసుకుని, సామాను ఎక్కించే మనిషి దాకా చేర్చాలి.

మర్నాడు చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి నా వైపు చూసి, "ఆయన నడవగలరా అండీ?" అని అడిగింది. ఆయన నా పక్కనే ఉన్నారు. టికెట్ కొన్నది ఆయనే, గుర్తింపు కార్డు ఆమె చేతికిచ్చిందీ ఆయనే. "ఆయన్నే అడగండమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నొచ్చుకుంది, వెంటనే సర్దుకుని ఆయనతోనే మాట్లాడింది. మనసు మంచిదే. ముందుగా ఎవరూ నేర్పలేదు, అంతే.

అసలు ఆ ప్రశ్నకు జవాబు బుకింగ్‌లోనే ఉండాలి. వీల్‌చైర్ సాయానికి విమాన సంస్థలన్నీ వాడే కోడ్‌లు ముఖ్యంగా మూడున్నాయి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు గానీ దూరం నడవలేరని. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, లోపల సీటు దాకా మాత్రం నడవగలరని. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా పూర్తి సాయం కావాలని. తేడా చివరి అక్షరంలోనే ఉంది. 'సీ' ఉండాల్సిన చోట 'ఆర్' పడిందంటే, విమానం తలుపు దగ్గరికి చేరాక ఎత్తేవాళ్లు ఉండరు, లోపలికి తీసుకెళ్లే సన్న కుర్చీ ఉండదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ సాయం అవసరమైతే, ఉత్త "వీల్‌చైర్ కావాలి" అనకండి. మెట్లు ఎక్కగలరా, నాలుగడుగులు వేయగలరా, విడమర్చి చెప్పండి. కనీసం 48 గంటల ముందు చెప్తే మంచిది. యూరప్ నిబంధనల్లో ఉన్న గడువు కూడా అదే. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ రకం, దాని వాట్-అవర్ లెక్క, అంటే అందులో ఎంత విద్యుత్ నిల్వ ఉంటుందో, అది కూడా దగ్గర పెట్టుకోండి, తప్పకుండా అడుగుతారు.

విమానం తలుపు దగ్గర ఆయన్ని సొంత కుర్చీలోంచి ఆ సన్న కుర్చీలోకి మార్చారు. సీట్ల మధ్య నడవ ఇరుకు కదా, మామూలు వీల్‌చైర్ అందులో పట్టదు. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు వేశారు, ఇంకొకరు మోకాళ్ల కింద పట్టుకున్నారు. ఛాతీకి ఒక పట్టీ, తొడలకు ఒకటి, కాళ్లు జారకుండా ఇంకొకటి. చేతులు గుండెల మీద కట్టుకుని, తన బరువంతా ముక్కూమొహం తెలియని ఇద్దరికి అప్పగించి ఆయన కూర్చున్నారు. ఎత్తేముందు, "సార్, మీకు ఎలా పట్టుకుంటే వీలుగా ఉంటుంది?" అని అడిగారు వాళ్లలో ఒకరు. ఆ ఒక్క మాటతో మా మిత్రుడి భుజాలు కాస్త వదులయ్యాయి. తన ఒంటి సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుసు?

లోపల సీటు చేతి ఆనిక అడ్డమొచ్చింది. చాలా విమానాల్లో నడవ వైపు ఉండే ఆనికలు కొన్ని పైకి లేస్తాయి. వెనకవైపు అడుగున చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే చాలు. అమెరికా నిబంధనల ప్రకారం 30 సీట్లు, ఆపైన ఉండే విమానాల్లో నడవ పక్క సీట్లలో సగానికైనా ఇలాంటి ఆనికలు ఉండాలి. ఆ రోజు ఆ మీట ఎక్కడుందో సిబ్బందికి తెలియలేదు. చివరికి ఆయన్ని ఆనిక మీదుగా ఎత్తి కూర్చోబెట్టారు.

ఇక అందరూ చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం, టాయిలెట్. ఒకే నడవ ఉన్న విమానాల్లో అది ఎంత చిన్నదో మనకు తెలుసు. నడవలేని మనిషి, సాయం చేసే మనిషి కలిసి అందులో పట్టరు. అందుకే చాలామంది ప్రయాణానికి చాలా గంటల ముందు నుంచే మంచినీళ్లు మానేస్తారు. మా మిత్రుడూ అంతే. ఒంటికి అది ఎంత చేటో ఆయనకు తెలియక కాదు. అమెరికా ప్రభుత్వం 2023లో ఒక నిబంధన తెచ్చింది. 125 సీట్లు, ఆపైన ఉండే ఒకే నడవ విమానాల్లో సాయం చేసే మనిషితో సహా పట్టేంత టాయిలెట్ ఉండాలని. కానీ అది వర్తించేది నిబంధన వచ్చిన పదేళ్ల తర్వాత ఆర్డర్ చేసే విమానాలకు. దాహంతో కూర్చున్న మనిషికి పదేళ్లు చాలా ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

అన్ని ఇబ్బందులూ కంటికి కనిపించవు. గేటు మారిందని మైకులో మాత్రమే చెప్తే వినపడనివారి విమానం వెళ్లిపోతుంది. తెర మీద మాత్రమే చూపిస్తే కనపడనివారికి అదే గతి. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ రద్దీ, ఆ చప్పుడు భరించరానివి. లండన్ గాట్విక్ విమానాశ్రయంలో 2016లో పొద్దుతిరుగుడు పూలున్న ఆకుపచ్చ మెడపట్టీ మొదలైంది. అది వేసుకున్నవాళ్లకు పైకి కనిపించని ఇబ్బంది ఉండొచ్చని, కాస్త సమయం ఇవ్వాలని సిబ్బంది గుర్తిస్తారు. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది.

హక్కుల విషయంలో భారత సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు ఒకటి చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు లోపం వల్ల ఒంటి కదలికలు కష్టమయ్యే ఇబ్బంది ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్ 2012లో ఒక సదస్సుకు వెళ్తుంటే, సీట్లో కూర్చున్నాక ఆమెను విమానం నుంచి దింపేశారు. ఆమె ఊరుకోలేదు. కోర్టు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది.

మళ్లీ కుర్చీ దగ్గరికి వస్తాను. 2023లో ఒక్క అమెరికా విమాన సంస్థల చేతుల్లోనే 11 వేలకు పైగా వీల్‌చైర్లు, స్కూటర్లు దెబ్బతినడమో, పోవడమో, ఆలస్యం కావడమో జరిగింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో పరిహారాన్ని లెక్కగట్టే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం వీల్‌చైర్ కూడా సామాను కిందికే వస్తుంది. సూట్‌కేసుకున్న పరిమితే దానికీ. బ్యాటరీ కుర్చీ ఖరీదు ఆ పరిమితికి ఎన్నో రెట్లు. పైగా సూట్‌కేసు పగిలితే ఇంకొకటి కొనుక్కుంటాం. ఆ కుర్చీ మెత్త, వీపు వంపు, కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ ఉన్న చోటు, అన్నీ ఒక్క మనిషి ఒంటికి సరిపోయేలా అమర్చినవి. వేరే కుర్చీలో కొన్ని గంటలు కూర్చున్నా కొందరికి ఒకేచోట ఒత్తుకుపోయి పుండ్లు పడతాయి. కొన్ని బస్సుల్లో చేసినట్టు, సొంత వీల్‌చైర్‌నే విమానంలో బిగించి అందులోనే ప్రయాణించే ఏర్పాటు నమూనాను 2023లో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన విమాన లోపలి అమరికల ప్రదర్శనలో చూపించారు. మామూలు సీటు మడుచుకుంటుంది, ఆ జాగాలోకి వీల్‌చైర్ వస్తుంది. అది త్వరగా రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఆ రోజు అందరూ దిగిపోయాక మేం తలుపు దగ్గర ఎదురుచూశాం. మా మిత్రుడు ఏమీ మాట్లాడలేదు, లిఫ్ట్ వైపే చూస్తున్నారు. కాసేపటికి ఒక కుర్రాడు కుర్చీని జాగ్రత్తగా నెట్టుకుంటూ వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోని కాగితం అతని చేతిలో ఉంది. "ఇది ఉండబట్టి తెలిసింది సార్. మిగతా కుర్చీలకు మాకెవరూ ఏమీ చెప్పరు" అన్నాడు.

ఆయన్ని కుర్చీలోకి మార్చారు. జాయ్‌స్టిక్ మీద మెల్లగా వేలు ఆనించారు. కుర్చీ కదిలింది. అప్పుడు నా వైపు తిరిగి, "కాస్త నీళ్ల సీసా ఇవ్వండి" అన్నారు.