పెట్టుకునే మనిషిని అడగండి

ప్రిన్సిపాల్ గారికి, కామర్స్ విభాగం వారికి, విద్యార్థులకు, పిల్లలతో పాటు వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. 1986 డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే ఈ రోజుని జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నన్ను హాల్‌మార్క్ గురించి, అంటే బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక ఉంగరం సంగతి చెప్పాలి, అది చెప్పకుండా నాకు మాట ముందుకు సాగదు.

మా మేనకోడలు స్టాఫ్ నర్సు. నిశ్చితార్థానికి ఉంగరం అబ్బాయి వాళ్లమ్మ, అక్క కలిసి కొన్నారు. ఖరీదైనదే, ఎత్తుగా రాయి పొదిగినది. పిల్ల వేలి సైజు మాత్రం ఎవరూ అడగలేదు. స్టేజీ మీద తొడిగితే జారిపోయింది. ఫొటోలు అయ్యాక మా వదిన దానికి దారం చుట్టింది. డ్యూటీలో గ్లవ్స్ వేసుకుంటే రాయి తగిలి చిరిగిపోయేవి. పాపం, తీసి పర్సులో పెట్టుకుంది. తర్వాత వాళ్లింట్లో ఏదో ఫంక్షన్‌కి వెళ్తే, నలుగురిలో అడిగారు: "ఉంగరం ఏదమ్మా? మేం పెట్టింది నచ్చలేదా?" పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

నా బాధంతా ఆ అబ్బాయితోనే. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఆమె ఏం పని చేస్తుందో అతనికి తెలుసు. "నీకు ఎలాంటిది కావాలి?" అని ఒక్క మాట అడిగి ఉంటే, రాయి లేని సాదా ఉంగరం చాలని చెప్పేది. ఖర్చు కూడా తగ్గేది!

గాజులమ్మే ఆవిడ కూడా చెయ్యి పట్టుకుని చూసి సైజు తీస్తుంది. లక్ష రూపాయల ఉంగరానికి ఆపాటి శ్రద్ధ అక్కర్లేదా?

పెద్దలు ఎంచడం ఆచారం అంటారు. నిశ్చయ తాంబూలాలంటే ఒకప్పుడు పెద్దలు తాంబూలాలు పుచ్చుకుని లగ్నపత్రిక రాసుకోవడం. ఉంగరాలు మార్చుకోవడం తర్వాత వచ్చింది. మనమే తెచ్చుకున్న పద్ధతిని మనమే సరిచేసుకోవచ్చు. డబ్బు ఎవరైనా ఇవ్వండి, ఉంగరం మాత్రం పెట్టుకునే మనిషి ఎంచుకోవాలి. సర్‌ప్రైజ్ ఇవ్వాలని సరదాగా ఉంటే చీర ఇవ్వండి, నచ్చకపోతే బీరువాలో ఉంటుంది. ఉంగరం వేలికి లేకపోతే మాత్రం ఊరంతా అడుగుతుంది.

అబ్బాయిలూ, మీకూ ఇదే మాట. మీ ఉంగరం మామగారు కొంటారు కదా, మీ ఇష్టం మీరు చెప్పండి. డిజైన్ చెప్పడం వేరు, "ఇన్ని గ్రాములుండాలి" అని మీ ఇంట్లోవాళ్లు కబురు పెట్టడం వేరు. రెండోది కట్నం అడగడమే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడం కూడా నేరమే.

అమ్మానాన్నలూ, దయచేసి ఇద్దరినీ షాపుకి తీసుకెళ్లండి. వాళ్లు చూసుకుంటుంటే మీరు పక్కన కూర్చోండి. వేలు సాయంత్రం పూట కొలిపించండి, పొద్దున కంటే కాస్త లావుగా ఉంటుంది. చుట్టూతా రాళ్లున్న ఉంగరమైతే తర్వాత సైజు మార్చడం కష్టం, అది కొనేముందే అడగండి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. హాల్‌మార్క్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఉంగరం లోపలివైపు మూడు గుర్తులు చూడండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత తెలిపే అంకె (22 క్యారెట్లయితే 916), ఒక్కో నగకు విడిగా ఇచ్చే, అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది, కాబట్టి సన్నటి ఉంగరమైతే మరింత జాగ్రత్త. కోడ్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడికక్కడే సరిచూసుకోండి. రాళ్ల బరువుకి బంగారం ధర కట్టనివ్వకండి. మజూరి, తరుగు బిల్లులో విడిగా రాయించండి. అమ్మాయి ఉంగరం బిల్లు అమ్మాయి పేరున రాయించి ఆమె చేతికే ఇవ్వండి.

ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.