‘ఉత్త టెన్షనే’ అనకండి

నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మా పెద్దమ్మ గురించి చెబుతాను. చెప్పమని ఆమే అంది.

కళ్యాణదుర్గం వైపు వాళ్లకు కొంచెం మెట్ట పొలం ఉంది. రెండు బోర్లు ఎండిపోయాక, అప్పు తెచ్చి మూడోది వేయించారు. రిగ్గు బండి రాత్రంతా తిరిగింది. 900 అడుగులు దిగినా దుమ్మే లేచింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని తెల్లారేదాకా చూస్తూనే ఉంది. బండి వెళ్లిపోయిన గంటకు ఛాతీ పట్టేసింది. ఒళ్లంతా చెమటలు, ఊపిరి ఆడలేదు.

108లో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈసీజీలో తేడా కనిపించింది. రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగింది, అంటే గుండె కండరం దెబ్బతింది. అందరం గుండెపోటే అనుకున్నాం. యాంజియోగ్రామ్ చేస్తే రక్తనాళాల్లో అడ్డే లేదు. ఆ కబురు వరండాలోకి రాగానే మా బంధువులు తేల్చేశారు: “బ్లాకులేం లేవంట. ఉత్త టెన్షనంట.” ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ ‘ఉత్త’ గురించే ఈ వీడియో.

ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో ఏం కనిపించిందంటే, ఆమె గుండెలో రక్తాన్ని ఒంటికి పంపే గది, అంటే ఎడమ జఠరిక, కింది భాగం ఉబ్బిపోయి సరిగా ముడుచుకోవడం లేదు. పై భాగం మాత్రం గట్టిగా కొట్టుకుంటోంది. చూడడానికి మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉన్న కుండలా ఉంటుంది. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ కూడా అలాగే ఉంటుందట. దాన్ని టాకోట్సుబో అంటారు. 1990లో అక్కడి డాక్టర్లు ఈ జబ్బుకు ఆ పేరే పెట్టారు. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ మొదటి రోజుల్లో ప్రాణం మీదికి కూడా రావచ్చు. అలాంటిదాన్ని పట్టుకుని ‘ఉత్త’ అని ఎట్లా అంటాం?

మెదడు లోపల బాదంగింజంత భాగం ఒకటుంది, అమిగ్డాలా. భయాన్ని, ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే వాటిలో అదొకటి. అక్కడి నుంచి కబురు నరాల గుండా మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పాము కనిపిస్తే పరుగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటే ఇది. ఒక్కసారిగా అంత అడ్రినలిన్ వచ్చి పడితే గుండె కండరమే స్తంభించిపోవచ్చు. ‘గుండె జారిపోయింది’ అని మనవాళ్లు అనేది ఊరికే కాదు.

మరి అప్పు, అది ఏళ్ల తరబడి ఉండేది కదా! బోస్టన్ పరిశోధకులు 293 మందిని స్కాన్ చేసి కొన్నేళ్లు గమనించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. అమిగ్డాలా ఎక్కువ చురుగ్గా ఉన్నవాళ్లకు, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జలో కూడా చురుకు ఎక్కువగా ఉంది, రక్తనాళాల గోడల్లో వాపు ఎక్కువగా ఉంది. తర్వాత గుండె జబ్బులు, పక్షవాతం కూడా వాళ్లకే ఎక్కువగా వచ్చాయి. చిన్న అధ్యయనమే, ఇదే కారణమని అది తేల్చలేదు. కానీ మనసులో దిగులు రక్తనాళం దాకా ఏ దారిన వెళ్లగలదో చూపించింది. పైగా దిగులున్న మనిషి బీడీలు ఎక్కువ కాలుస్తాడు, నిద్రపోడు, బీపీ మాత్ర మరిచిపోతాడు.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఛాతీ నొప్పి వస్తే అది టెన్షనా, గ్యాసా, గుండెపోటా అని ఇంట్లో తేల్చకండి. సోడా తాగి పడుకోకండి. ఆ తేడా మా పెద్దమ్మ విషయంలో డాక్టర్లకే యాంజియోగ్రామ్ చేస్తే గానీ తెలియలేదు. ఆడవాళ్లకు నొప్పి దవడలోనో వీపులోనో రావచ్చు, ఒక్కోసారి ఆయాసం మాత్రమే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి.

ఆరు వారాల తర్వాత మళ్లీ ఎకో తీశారు. గుండె మామూలుగా ముడుచుకుంటోంది. డాక్టరు ఆ కాగితం పక్కన పెట్టి, “అమ్మా, రాత్రి నిద్ర పడుతోందా? అప్పు సంగతేమైంది?” అని అడిగాడు. అన్ని రోజుల్లో ఆమెను ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. మేమూ అడగలేదు. పెద్దమ్మ ఆ బోరు రాత్రి సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మేం లేచి బయటికొచ్చి కూర్చున్నాం.